గచ్చు కింది చెమ్మ: ఎపాక్సీ నేల వేయక ముందు, వేసిన తరువాత

(పలాస–కాశీబుగ్గలో జీడి పరిశ్రమల యజమానులు, తాపీ మేస్త్రీలు, ఇళ్లు కట్టుకుంటున్న గృహస్థులు హాజరైన సభలో ఒక ఫ్లోరింగ్ కాంట్రాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. విషయంలోకి వెళ్లే ముందు ఒక మనవి. ఈ హాలు ఆ చివర, తలుపుకు ఎడమ పక్కన, గచ్చు మీద ఒక ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపు వేసి అంటించి ఉంచాము. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉంటుంది. నిన్న సాయంత్రం 4 గంటలకు నేనూ మా కుర్రవాడూ వచ్చి అంటించి వెళ్లాము. నేను మాట్లాడడం అయ్యేవరకు దయచేసి దానిని ఎవరూ కదపవద్దు. దానితో చివరలో పని ఉంది.

నా చేతిలో ఉన్నది ఎపాక్సీ పెచ్చు, అంటే గచ్చు మీద పోసే గట్టి మెరుపు పూత నుంచి ఊడిన ముక్క. అరచేయంత ముక్క. పైవైపు ఆకుపచ్చగా, ఇప్పటికీ అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత కూడా లేదు. తిప్పి చూడండి. అడుగు వైపంతా బూడిద రంగు పొడి పట్టి ఉంది, గోటితో గీస్తే రాలుతుంది. ఆ పొడి సిమెంటుది. ఎపాక్సీ తన పట్టును ఎక్కడా వదలలేదు. అది పట్టుకున్న సిమెంటు పొరే కింది కాంక్రీటును వదిలి పైకి లేచి వచ్చింది. దీనిని నేను ఎనిమిదేళ్ల క్రితం శ్రీకాకుళంలో, నాగావళికి దగ్గరగా ఉన్న ఒక గోదాములో, నేను స్వయంగా వేయించిన నేల నుంచే పీకి తెచ్చుకున్నాను. యజమాని నన్ను పిలిపించింది వర్షాకాలం వెళ్లిన తరువాత. నేలంతా అక్కడక్కడా రూపాయి బిళ్లంత, కొన్నిచోట్ల అప్పడమంత బుడగలు లేచి ఉన్నాయి. ఒక బుడగను చాకుతో కోశాను. లోపలి నుంచి నీరు చిమ్మింది. వేళ్ల మధ్య రాస్తే సబ్బు నీటిలా జారింది, వాసన కూడా మామూలు నీటి వాసన కాదు. ఆ గోదాములో పైకప్పు కారలేదు, ఎవరూ నీళ్లు పారబోయలేదు. ఆ నీరంతా కింది నుంచి వచ్చింది. నది పక్క నేల, స్లాబు కింద పాలిథిన్ షీటు లేదు, పైన నేను ఆవిరి కూడా దూరని పొర ఒకటి పరిచాను. కింది చెమ్మ పైకి రాకుండా ఎక్కడ ఆగుతుంది? కాంక్రీటులోని క్షారాన్నీ లవణాలనూ కరిగించుకుంటూ వచ్చి పొర కింద గుమిగూడి, ఆ ఒత్తిడితో పొరను ఎత్తింది. పని మొదలుపెట్టిన రోజున మేస్త్రి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఎండిపోనాది బాబూ, ఇంకేటి సూస్తారు?" పైన ఎండిన మాట నిజమే. నేనూ పైనే చూశాను.

అందువలన ఈ రోజు నేను ఎపాక్సీ గురించి చెప్పేదానిలో సగానికి పైగా ఎపాక్సీ డబ్బా మూత తీయక ముందు జరగవలసిన పని గురించే ఉంటుంది. రంగులు, మెరుపులు, నేల మీద సముద్రపు అలలూ చేపలూ కనిపించే బొమ్మల ఎపాక్సీ, వీటి గురించి అడగాలని వచ్చినవారు కొంచెం ఓపిక పట్టాలి.

ముందుగా ఇది ఏమిటో రెండు మాటలు. మామూలు పెయింటులో ద్రావకం గాలిలో కలిసిపోయి రంగు ఆరుతుంది. ఎపాక్సీ అలా ఆరదు. రెజిన్, హార్డనర్ అనే రెండు ద్రవాలను కలిపితే అవి రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడిపడి, వలలా అల్లుకుని, మళ్లీ కరగని గట్టి పదార్థం అవుతాయి. 1930లలో స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్లకు పనికివచ్చే పదార్థం కోసం వెతుకుతూ ఈ దారిన పడ్డాడు. అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ కూడా ఇంచుమించు అదే కాలంలో ఇదే పని మీద ఉన్నాడు. పళ్ల కోసం పుట్టినది నేల మీదికి దిగడం ఒక వింత.

ఈ ఊరివారు గర్వపడదగిన సంగతి మరొకటి ఉంది. మీరు జీడి పిక్కను కొట్టి పప్పు తీసుకున్న తరువాత మిగిలే తొక్కలో నల్లని, చర్మాన్ని పొక్కించే నూనె ఉంటుంది కదా, దాని నుంచి కార్డనాల్ అనే పదార్థాన్ని తీస్తారు. ఆ కార్డనాల్‌తో ఫినాల్కమైన్ అనే ఒక రకం ఎపాక్సీ హార్డనర్ తయారవుతుంది. చలిలోనూ, తేమ ఉన్నచోటా మిగతా హార్డనర్ల కన్నా అది బాగా గట్టిపడుతుంది కనుకనే ఓడల పూతలలో దానికి గిరాకీ. ముదురు రంగుగా ఉంటుంది కాబట్టి తెల్లని పై పూతకు పనికిరాదు, అడుగు పూతకు మాత్రం మన తీరపు గాలికి సరిపోయినది. అడుగు పూత ఎంచుకునేటప్పుడు ఆ రకం దొరుకుతుందేమో సరఫరాదారును అడగండి.

ఇక నేల సంగతి. కొత్త కాంక్రీటుకు 28 రోజులు క్యూరింగ్ అయితే చాలునని అందరూ అంటారు. ఆ 28 రోజులు కాంక్రీటు బలానికి సంబంధించిన లెక్క. అది ఎండడం వేరే లెక్క. అంగుళం మందానికి సుమారు ఒక నెల అని పనివాళ్లు వేసుకునే మోటు లెక్క ప్రకారం 4 అంగుళాల స్లాబుకు 4 నెలలు కావాలి, సముద్రపు గాలి తగిలే పలాస, సోంపేట, భావనపాడు వైపు అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. కొత్తగా కడుతున్నవారికి నా సలహా ఒక్కటే: నేల కాంక్రీటు పోయక ముందు కింద 1000 గేజి, అంటే 250 మైక్రాన్ల పాలిథిన్ షీటును, అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరిచి టేపు వేయించండి. అప్పుడు పెట్టే ఆ కొద్ది ఖర్చు మానుకుంటే, తరువాత నేను వచ్చి ఎంత ఖరీదైన అడుగు పూత వేసినా ఆ లోటు తీరదు.

పాత గచ్చు అయితే పరీక్షించాలి. ఇందుకు తేలికైన పరీక్ష మీకు ఆ మూలన కనిపిస్తున్న ప్లాస్టిక్ షీటే. ఏఎస్‌టీఎం డి 4263 అనే అమెరికా ప్రమాణంలో ఉన్న పద్ధతి ఇది. 18 అంగుళాల చదరపు షీటును గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు ఉంచి, తీసి చూడాలి. షీటు అడుగున నీటి బిందువులు ఉన్నా, గచ్చు రంగు చుట్టుపక్కల కన్నా ముదిరినా చెమ్మ ఉన్నట్టే. అయితే ఈ పరీక్ష చెప్పేది ఆ ఒక్క రోజు, ఆ ఒక్క చోటు సంగతి. వైశాఖంలో పొడిగా కనిపించిన గచ్చు శ్రావణంలో ఊరవచ్చు. పెద్ద గోదాము, ఆసుపత్రి, మందుల తయారీ గది వంటి చోట్ల స్లాబు మందంలో 40 శాతం లోతుకు రంధ్రం చేసి, లోపలి తేమను కొలిచే పరికరం దించి, ఒక రోజు తరువాత చదవాలి. సాపేక్ష తేమ 75, 80 శాతం దాటితే చాలా కంపెనీలు తమ ఎపాక్సీకి హామీ ఇవ్వవు. మీ డబ్బా మీద ఎంత రాసి ఉందో అదే మీకు ప్రమాణం.

తరువాతిది పైపొర. కాంక్రీటు పోసి తాపీతో ఎక్కువసేపు రుద్దినప్పుడు, దాని మీద నీళ్లు చిలకరించి సిమెంటు చల్లి నునుపు చేసినప్పుడు పైన ఒక బలహీనమైన పొర తేలుతుంది. మేస్త్రీలు దానిని సిమెంటు పాలు అంటారు. చూడడానికి అందంగా ఉంటుంది, మేస్త్రి చేతి పనితనానికి అదే గుర్తు. నా చేతిలోని పెచ్చు అడుగున ఉన్న పొడి అదే. దానిని వజ్రపు బిళ్లలున్న గ్రైండింగ్ యంత్రంతో, లేదా ఇనుప గుళ్లు కొట్టే షాట్ బ్లాస్టింగ్‌తో పూర్తిగా తీసివేయాలి. చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగలాలి. కొందరు యాసిడ్ పోసి కడుగుతారు. నేను ఆ పద్ధతి మానేసి చాలా కాలమైంది, ఎందుకంటే కడిగిన నీరు మళ్లీ కాంక్రీటులోకే ఇంకుతుంది, యాసిడ్ మిగిలితే పట్టు చెడుతుంది, నూనె మరక ఉన్నచోట యాసిడ్ అసలు పనిచేయదు. జీడి నూనె, ఇంజను ఆయిలు ఇంకిన గచ్చును ముందు డిటర్జెంటుతో కడిగి, ఆరబెట్టి, ఆ పైన గ్రైండింగ్ చేయాలి. నూనె లోతుగా ఇంకి ఉంటే ఆ మేర గచ్చును చెక్కి తీసి కొత్తగా నింపడమే మంచిది. గ్రైండింగ్ అయ్యాక చీపురుతో ఊడ్వడం చాలదు, పెద్ద వ్యాక్యూమ్‌తో దుమ్ము పీల్చాలి. నేల మీద కాసిని నీళ్లు చల్లి చూడండి. చుక్కలుగా నిలబడితే ఇంకా ఏదో పొర ఉన్నట్టు, ఇంకిపోతే ప్రైమరు, అంటే అడుగు పూత, తాగడానికి నేల సిద్ధంగా ఉన్నట్టు. ఆ చల్లిన చోటు ఆరిన తరువాతే ముందుకు వెళ్లాలి.

కాంక్రీటులో కదలిక కోసం వదిలిన జాయింట్లను ఎపాక్సీతో పూడ్చి, పైన ఒకే పలకలా కనిపించాలని కోరేవారున్నారు. వేసవిలో అక్కడే గీత పడుతుంది. కింద జాయింటు ఉంటే పైన కూడా కోసి, సాగే సీలెంటు నింపాలి.

ఇప్పుడు ఆకాశం సంగతి. నేల పొడిగా ఉన్నా గాలిలో తేమ ఎక్కువైతే ఎపాక్సీ మీద తెల్లని, మైనంలా జిడ్డుగా తగిలే పొర ఏర్పడుతుంది. హార్డనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలవడం వలన అది వస్తుంది. దాని మీద మరో పూత వేస్తే పట్టదు. గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితం పట్టిన తరువాతే వేయాలి. ఇది రాకుండా ఉండాలంటే గాలిలో తేమ 85 శాతానికి లోపల ఉండాలి, నేల ఉష్ణోగ్రత మంచు బిందువు కన్నా, అంటే గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత కన్నా, కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. ఉదాహరణకు గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున మంచు బిందువు సుమారు 25 డిగ్రీలు. అంటే గచ్చు 28 డిగ్రీలు ఉంటే గాని డబ్బా తెరవకూడదు. మన వైపు తెల్లవారుజామున గచ్చు అంతకన్నా చల్లగానే ఉంటుంది. మరి మధ్యాహ్నం వేద్దామా అంటే అక్కడ ఇంకో చిక్కు. ఎండకు వేడెక్కే కాంక్రీటు తన రంధ్రాలలోని గాలిని బయటకు వదులుతుంది, ఆ గాలి పచ్చి ఎపాక్సీని పొడుచుకుని వచ్చి గుండుసూది మొనంత చిల్లులు వదిలిపోతుంది. నేను ఈ రెండింటి మధ్య ఒక సర్దుబాటు చేసుకున్నాను: ప్రైమరును మధ్యాహ్నం మూడు దాటాక, నేల వేడెక్కడం ఆగిన తరువాత వేసి, కిటికీలు మూసి రాత్రి మంచు లోపలికి రాకుండా చూస్తాను. ఆ పూతతో రంధ్రాలు మూసుకున్నాక పై పూతను మర్నాడు పది గంటల తరువాత వేస్తాను. మాసాల లెక్కలో చెప్పాలంటే, కార్తీకం వెళ్లినప్పటి నుంచి శివరాత్రి దాకా మనకు అనువైన కాలం. అక్టోబరులో ఈ పని పెట్టుకోవద్దని చెప్పడానికి 2018లో తిత్లీ తుపాను ఈ పలాస దగ్గరే తీరం దాటిన సంగతి గుర్తుచేస్తే చాలు.

కలపడంలో జరిగే పొరపాటు ఒకటి దగ్గరగా చూపిస్తాను. రెజిన్, హార్డనర్‌లను డబ్బా మీద రాసిన తూకం ప్రకారం కలిపి, నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో మూడు నిమిషాలు తిప్పుతారు. బాగానే ఉంటుంది. కానీ బకెట్ గోడలకూ అడుగు మూలలకూ అంటిన రెజిన్‌కు హార్డనర్ సరిగా అందదు. పోసేశాక మన కుర్రవాడు, ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని, ఖాళీ బకెట్‌ను నేల మీద బోర్లిస్తాడు. ఆ గోడలకున్న కలవని రెజిన్ మెల్లగా జారి నేల మీద గుండ్రంగా చేరుతుంది. వారం తరువాత నేలంతా రాయిలా ఉంటే, సరిగ్గా బకెట్ మూతి అంత వెడల్పున మాత్రం చెప్పులకు అంటుకుంటూ ఉంటుంది. ఆ గుండ్రటి జిడ్డు ఎప్పటికీ గట్టిపడదు, చెక్కి తీయవలసిందే. అందుకే బకెట్ గోడలను గీకి, రెండో బకెట్‌లోకి మార్చి మరోసారి తిప్పాలి, బకెట్‌ను ఎన్నడూ బోర్లించకూడదు. కలిపిన సరుకును వెంటనే నేల మీద పోసి పరచాలి, బకెట్‌లో ఉంచితే తన వేడికి తానే మరిగిపోతుంది. ఒకసారి మావాళ్లు భోజనానికి వెళుతూ సగం బకెట్ వదిలేస్తే, తిరిగి వచ్చేసరికి పొగలు కక్కుతూ ప్లాస్టిక్ బకెట్ అడుగు మెత్తబడి ఒరిగిపోయి ఉంది.

పరచడం పెద్ద విషయం కాదు. పళ్ల తాపీతో సర్ది, ముళ్ల రోలర్ తిప్పి బుడగలు పగలగొట్టాలి, ముళ్ల చెప్పులు వేసుకుని నడవాలి. మనుషులు తిరగడానికి ఒక రోజు, సామాను పెట్టడానికి మూడు రోజులు, నీళ్లు, బండ్లు, బరువులకు ఏడు రోజులు ఆగాలి.

యజమానులకు ఒక లెక్క చెబుతాను, కాంట్రాక్టర్లు నన్ను తిట్టుకున్నా పరవాలేదు. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. వెయ్యి చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లు. 2 మిల్లీమీటర్ల సెల్ఫ్ లెవలింగ్ (పోస్తే తానే సమంగా పరుచుకునే పూత) అని మీకు రాసి ఇస్తే 186 లీటర్లు పోయాలి, లీటరు ఒకటిన్నర కిలో చొప్పున లెక్కవేస్తే దాదాపు 280 కిలోలు. పని అయ్యాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. వంద కిలోల డబ్బాలే కనిపిస్తే మీ నేల మీద ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. నిగనిగ మాత్రం రెండింటికీ ఒకటే.

మీ జీడి కర్మాగారాలలో ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నది ఎక్కువమంది అడిగారు. పొట్టు తీసే గది, గ్రేడింగ్ హాలు, ప్యాకింగ్ గది, వీటికి ఎపాక్సీ చక్కగా సరిపోతుంది. అతుకులు ఉండవు, గచ్చు పొడి రాలి పప్పులో కలవదు, గోడ మూలను గుండ్రంగా మలిస్తే ఊడ్చినప్పుడు దుమ్ము నిలవదు. పిక్కలను ఆవిరిలో ఉడికించే చోట మాత్రం వద్దు. మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల వేడికి మెత్తబడడం మొదలుపెడుతుంది, మరిగే నీరు పడి వెంటనే చన్నీళ్లు పడితే వ్యాకోచ సంకోచాలకు విడిపోతుంది. అక్కడ 6 నుంచి 9 మిల్లీమీటర్ల పాలీయురేథేన్ సిమెంటు నేల వేయించండి. ఖర్చు ఎక్కువ, ఆ చోటికి మాత్రం అదే తగినది. ఆహార భద్రతా లైసెన్సుల 2011 నిబంధనల నాలుగో షెడ్యూలు నేలలూ గోడలూ నునుపుగా, శుభ్రం చేయడానికి వీలుగా, పెచ్చులు రాలకుండా ఉండాలంటుంది. ఆ లెక్కన పెచ్చులు లేచిన ఎపాక్సీ కన్నా శుభ్రమైన పాత గచ్చే నయం.

ఇళ్ల విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. టెక్కలి నీలి గ్రానైటు పుట్టిన జిల్లాలో ఉండి వంటింట్లో ఎపాక్సీ వేయించుకోవడం నాకు అంతగా రుచించదు. కారు షెడ్డు, చిన్న దుకాణం, క్లినిక్, మేడ మీద కూర్చునే గది, వీటికి సంతోషంగా వేస్తాను. పాత టైల్స్ తీయకుండా పైన వేయమని అడిగితే ముందు ప్రతి టైలునూ కొట్టి చూస్తాను. డొల్ల శబ్దం వచ్చినవాటిని తీసి నింపి, మిగతావాటి మెరుపు పొరను గ్రైండ్ చేసిన తరువాతే ప్రైమరు వేస్తాను. ఎండ నేరుగా పడే వరండాలో ఎపాక్సీ ఏడాది తిరగకుండా పసుపు పచ్చబడుతుంది, పైన అలిఫాటిక్ పాలీయురేథేన్ పూత ఉంటేనే రంగు నిలుస్తుంది. నీళ్లు పడే చోట నునుపు పూత ప్రమాదం, ముసలివారు ఉన్న ఇంట్లో మరీ ప్రమాదం. పచ్చిగా ఉండగానే సన్నని క్వార్ట్జ్ ఇసుక చల్లి గరుకు చేయించుకోవాలి.

సంరక్షణకు పెద్ద శాస్త్రం లేదు, కానీ మన అలవాట్లే దీనికి శత్రువులు. ఇసుకే దీని మెరుపును తినేది. గుమ్మం దగ్గర పట్టా వేసి, రోజూ మెత్తని మాప్‌తో దుమ్ము తీయండి. తడి గుడ్డకు గాఢత లేని సబ్బు నీళ్లు చాలు. ఫినాయిల్ జిడ్డు పొరను వదిలి మెరుపును మసకబారుస్తుంది, బాత్రూం యాసిడ్ అసలు తగలకూడదు. పసుపు నీళ్లు, కుంకుమ, చింతపండు పులుసు పడితే అప్పుడే తుడవాలి. రాత్రంతా ఉంటే ఆ మరక మీ ఇంటి మనిషి అయిపోతుంది. బియ్యప్పిండి ముగ్గుకు భయం లేదు, రాతి ముగ్గు పొడి కాళ్ల కింద నలిగి గీతలు పెడుతుంది. కొబ్బరికాయను ఈ నేల మీద కొట్టవద్దు, దానికి వేరే రాయి పెట్టుకోండి. గంజి వార్చిన గిన్నె, పొయ్యి మీది కుక్కర్ నేరుగా దించకూడదు. బీరువాను ఈడ్వకుండా ఎత్తించండి. మెరుపు తగ్గినప్పుడు మొత్తం తీయించనక్కరలేదు, పైన గరుకు కాగితం పట్టి ఒక పలుచని పూత వేస్తే నేల మళ్లీ కొత్తదవుతుంది. గీత లోతుగా పడి కాంక్రీటు కనిపిస్తే మాత్రం నీరు దిగకముందే నింపించండి.

పనివాళ్ల చేతుల గురించి ఒక మాట. జీడి నూనె చర్మాన్ని ఎలా పొక్కిస్తుందో మీకు నేను చెప్పనవసరం లేదు. పిక్క కొట్టేవారు చేతులకు నూనె రాసుకుని బూడిద అద్దుకుంటారు. గట్టిపడని ఎపాక్సీ కూడా అలాగే చర్మాన్ని పాడుచేస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ మనిషి జీవితాంతం ఈ పనికి దూరం కావలసి వస్తుంది. నైట్రైల్ తొడుగులు ఇప్పించండి, థిన్నరుతో చేతులు కడగనివ్వకండి. మిగిలిన రెజిన్, హార్డనర్‌లను కాలువలో పోయకుండా కొంచెం కొంచెంగా కలిపి గట్టిపడిన తరువాత పారవేయించండి.

ప్రశ్నలకు ముందు ఆ షీటు చూద్దాము. ఇప్పుడు ఉదయం పదిన్నర, అంటే పద్దెనిమిదిన్నర గంటలు గడిచాయి. ముందు వరుసలోని మేస్త్రి గారూ, మీరే వచ్చి తీయండి. టేపును ఒక మూల నుంచి మెల్లగా లాగండి. షీటును తిప్పి అందరికీ చూపించండి. నీటి చుక్కలు లేవు. ఇప్పుడు గచ్చు చూడండి, వంగి చూడండి. ఆ చదరం మేర గచ్చు ముదురు రంగులో ఉంది, చుట్టూ ఉన్నది తెల్లగా ఉంది. అరచేయి ఆనించి చూస్తారా? చల్లగా తగిలిందంటున్నారు. ఈ హాలు కమిటీవారు నిన్న నన్ను ఇక్కడ ఎపాక్సీకి ఎంతవుతుందని అడిగారు. లోపలి తేమను కొలిచే పరికరంతో మళ్లీ వస్తాను, ధర అప్పుడు చెబుతాను.